వెచ్చని దొంగతనం

పోయిన వారం పిచ్చుకను పసిపిల్లల వార్డులో, చేతిలో ఒక పొత్తిలితో, నోట మాట రాని స్థితిలో వదిలిపెట్టాం. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుని, ఆలస్యం చెయ్యకుండా వెంట పడదాం.

పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. ప్రభుత్వ పరిశోధనాలయంలో చేరిన కొత్తల్లో ఈ బల్ల దగ్గర్నుంచి ఆ బల్ల దగ్గరికి గెంతుతూ అందరి పనుల్లోనూ ముక్కు పెడుతుంటే ఆమె గురువు పెట్టిన పేరు. ఇప్పుడు తలలో వెండి తీగలు కనిపిస్తున్నా, తన కింద ఒక విభాగమే పనిచేస్తున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఆ గురువూ ఈ శిష్యురాలూ ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన వస్తువే పొత్తిలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చుట్టి ఉంచే మెత్తటి సంచి అది. దాని పొరల మధ్య ఒక రకం మైనం ఉంటుంది. వేడినీళ్లలో ముంచితే కరుగుతుంది. మళ్లీ నెమ్మదిగా గడ్డకడుతూ, తల్లి ఒంటి వేడి ఎంతో అంత వేడిని గంటలకొద్దీ బిడ్డకు ఇస్తుంది. కరెంటు అక్కర్లేదు. దాన్ని తయారుచేసి ఆస్పత్రులకు అందించే హక్కును ల్యాబ్ ఒక కంపెనీకి ఇచ్చింది.

ఇప్పుడు ఆ పొత్తిలికి పురస్కారం రాబోతోంది. ప్రభుత్వ ల్యాబుల శాస్త్రవేత్తలకు ఏటా ఇచ్చే పురస్కారాలన్నింటిలోకీ అందరూ ఆశపడేది ఇదే. గొప్ప వ్యాసం రాసినందుకు ఇచ్చేది కాదు, ల్యాబ్‌లో పుట్టిన వస్తువు గడప దాటి జనం చేతికి చేరినందుకు ఇచ్చేది. ఎంపిక కమిటీ ఈ రోజే కంపెనీ తయారీ యూనిట్ చూడటానికి వస్తోంది. అంతకుముందు వార్డులో ఒక్కసారి తొంగి చూద్దామని వెళ్లిన పిచ్చుక చేతికి దొరికిన పొత్తిలి మీద కంపెనీ ముద్ర లేదు. పైగా దాని మూలలు గుండ్రంగా ఉన్నాయి.

కంపెనీకి ఇచ్చిన నమూనాలో మూలలు పలకగా ఉంటాయి. అలా కత్తిరిస్తే గుడ్డ వృథా కాదు. పసిబిడ్డ చర్మానికి మూల గుచ్చుకుంటుందని, గుండ్రంగానే ఉండాలని ఆఖరి రోజుదాకా పోట్లాడి, ఓడిపోయి, రిటైరైన మర్నాటి నుంచి ల్యాబ్ వాళ్లెవరికీ కనిపించకుండా పోయిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె గురువు. ల్యాబ్ అంతటికీ మైనం మాస్టారు.

వీటిని ఎవరు తెచ్చి ఇస్తున్నారని వార్డు నర్సును అడిగితే, ఒక పెద్దావిడ రోజూ మధ్యాహ్నానికల్లా బుట్టలో తెస్తుందనీ, బస్సు డిపో వెనక సందులో రేకుల షెడ్డులో ఉంటుందనీ చెప్పింది. పిచ్చుక మెట్లు దిగిన వేగం చూసి వాచ్‌మన్ ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడు.

నడిచిపోయేంత దూరమే అయినా తొందరలో ఎక్కిన ఆటోలో కూర్చున్నంతసేపూ ఆమె మాటలు కూడగట్టుకుంది. హక్కు కంపెనీది. లైసెన్సు లేకుండా పసిపిల్లలకు వాడే వస్తువు తయారుచెయ్యడం నేరం. ఆ సంచుల్లో ఏ ఒక్కటి లీకైనా కరిగిన మైనం బిడ్డ ఒంటికి అంటుకుంటుంది. మీరే కదా ఇవన్నీ నాకు నేర్పింది, మాస్టారూ? ఈ వరసలో మొదలుపెట్టి, కన్నీళ్లు రాకముందే ముగించాలని అనుకుంది.

ఒకపక్క టైర్ల కొట్టు, ఇంకోపక్క మూతపడిన ప్రెస్సు. మధ్యలో ఆ షెడ్డు. కరిగిన మైనం వాసన ముక్కుకు తగలగానే ఆమె కాళ్లు వాటంతట అవే తొందరపడ్డాయి. తలుపు తీసింది మాస్టారి భార్య. ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ల్యాబ్‌లో చిన్నాపెద్దా అందరికీ పిన్ని. గుమ్మంలో పిచ్చుకను చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. లోపలికి తల తిప్పి, "ఏవండీ, మీ పిచ్చుక వాలింది," అంది.

లోపల రెండు పొయ్యిల మీద వెడల్పాటి గిన్నెలు, వాటిలో దారం కట్టి వేలాడదీసిన థర్మామీటర్లు. కాలితో తొక్కితే అంచులు అతికించే సీలింగ్ మిషను ఒకటి. గోడ వారగా కట్టిన తీగ మీద, ఉతికిన బట్టల్లా క్లిప్పులు పెట్టి ఆరేసిన పొత్తిళ్లు. మధ్యలో స్టూలు మీద మాస్టారు ఒక పొత్తిలిని చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. అది ఆయన పద్ధతి. థర్మామీటరు సరే అన్నాక కూడా ప్రతి పొత్తిలినీ చెంప మీద పెట్టుకుని చూడందే పక్కన పెట్టేవారు కాదు. చూసిన కొత్తవాళ్లు నవ్వేవారు. ల్యాబ్‌లో ఇప్పటికీ అందరూ అలాగే చేస్తారు, ఎందుకో తెలియకపోయినా.

"తలుపు వెయ్యి. గాలి తగిలితే ఈ మైనం అలుగుతుంది," అన్నారు మాస్టారు కళ్లు తెరవకుండానే. ఆమె ఏదో పక్కగదిలోకి వెళ్లి వచ్చినట్టు.

పిచ్చుక తలుపు వేసింది. కూడగట్టుకున్న మాటల్లో సగం ఆ తలుపు అవతలే ఉండిపోయాయి.

"మాస్టారూ, దీన్ని దొంగతనం అంటారు."

"అంటారు. ఆ కత్తెర ఇలా అందుకో."

ఆమె అందుకుని ఇచ్చేసింది. ఇచ్చాక గాని తను చేసిందేమిటో తెలియలేదు. మాస్టారు ఒక పొత్తిలి మూలను చక్కగా గుండ్రం తిప్పి కత్తిరించి, వేలితో తడిమి చూసుకుని, అప్పుడు తల ఎత్తారు. ముఖం బాగా నలిగిపోయింది. కళ్లు మాత్రం పాతవే.

"కూర్చో. తిట్టడానికి వచ్చినదానివి నిలబడి తిడితే నీరసం వస్తుంది," అన్నారు.

కూర్చోలేదు. నిలబడే తిట్టింది. కంపెనీ వాళ్లకు తెలిస్తే కేసు పెడతారంది. కంపెనీ పొత్తిళ్ల మధ్యలో ఇవి కలిసిపోతే ఏది ఎవరిదో తెలియదంది. రేపు ఏదైనా జరిగితే ఆ మచ్చ మొత్తం పొత్తిలికే అంటుతుందంది. మాస్టారు మధ్యలో అడ్డు రాలేదు. అడ్డు వచ్చింది పిన్ని. గిన్నెలో గరిటె తిప్పుతూ, చాలా మామూలుగా అడిగింది.

"కంపెనీ పొత్తిళ్లంటున్నావు. నువ్వు ఒక్కటైనా చూశావుటే?"

పిచ్చుక చూశానని చెప్పడానికి నోరు తెరిచింది.

చూసింది కంపెనీ కార్యాలయంలో అద్దాల బీరువాలో పెట్టిన నమూనాని. అది ల్యాబ్ చేసిచ్చినదే. మిగతావన్నీ ఫొటోలు. కమిటీకి పంపిన ఫొటోలు, వార్డు డాక్టరు మెచ్చుకుంటూ ఇచ్చిన నివేదికతో జతచేసిన ఫొటోలు. చిట్టి చిట్టి పిడికిళ్లు, మూసుకున్న కళ్లు, వాటి చుట్టూ పొత్తిలి. ఒక్కొక్క దాన్నీ పదేపదే చూసి మురిసిపోయింది. చూసినప్పుడల్లా బిడ్డనే చూసింది. మూలలు చూడలేదు.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే అవే కనిపించాయి. అన్నీ గుండ్రం.

పరిశోధనాలయాల్లో ఒక వాడుక ఉంది. కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పడే రోజును వేళాకోళంగా అప్పగింతలు అంటారు. ఆ రోజు ఫొటో దిగుతారు, స్వీట్లు పంచుతారు, టెక్నాలజీ బదిలీ అయిందని బోర్డు మీద రాసుకుని ఇంకో పని మొదలుపెడతారు. అత్తారింటికి పంపిన పిల్ల గురించి పుట్టింటివాళ్లు మాటిమాటికీ ఆరా తీస్తే బావుండదు కదా అని జోకులు వేసుకుంటారు. పిచ్చుక కూడా వేసింది. ఆ పిల్ల అసలు అత్తారింటి గడపే తొక్కలేదని ఎవరూ చూడలేదు.

"ఒక్కటి కూడా చెయ్యలేదా?" అని అడిగింది.

"ఎందుకు చేస్తారు?" అన్నారు మాస్టారు. "వాళ్లు అమ్మేది కరెంటుతో నడిచే వార్మర్లు. పొత్తిలి ఒకటి వార్డులోకి వెళ్లిందంటే వార్మరు ఒకటి తగ్గినట్టే. వాళ్లు హక్కు కొనుక్కున్నది చెయ్యడానికి కాదమ్మా. ఇంకెవరూ చెయ్యకుండా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకోవడానికి."

పిచ్చుకకు మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒప్పందంలో ఆమే పట్టుబట్టి రాయించిన షరతు ఒకటుంది. గడువులోగా తయారుచేసి ఆస్పత్రులకు అందించకపోతే హక్కు ల్యాబ్‌కు తిరిగి వస్తుంది, అప్పుడు ల్యాబ్ ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆ గడువు దగ్గర పడింది. ఈ సమయంలో పురస్కారం వస్తే, పొత్తిలి జనానికి చేరిందని సాక్షాత్తూ ప్రభుత్వమే ముద్ర వేసినట్టు. ఇక హక్కును కంపెనీ దగ్గర్నుంచి ఎవరూ కదిలించలేరు. పెట్టెకు రెండో తాళం పడుతుంది. ఆ తాళంచెవిని వేదిక మీద చప్పట్ల మధ్య అందుకోబోయేది తనే.

ఆమె అప్పుడు కూర్చుంది. పిన్ని మంచినీళ్లు ఇచ్చింది.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ప్రభుత్వోద్యోగివి, ఆపాలి. ఆపకపోతే నువ్వూ దొంగవే. ఒక ఇంటికి ఒక దొంగ చాలనుకున్నాను," అన్నారు మాస్టారు. తర్వాత కొంచెం ఆగి, "అదీగాక, మూలల కోసం పెళ్లి ఆపుకుంటామా మాస్టారూ అన్నది నువ్వే," అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆ మాట ఇన్నాళ్లూ ఆయన లోపల ఎక్కడో గుచ్చుకునే మూలలాగే ఉండిపోయిందని తెలుస్తూనే ఉంది.

పొయ్యి మీద గిన్నె పిలిచినట్టు చిన్న చప్పుడు చేసింది. మధ్యాహ్నానికి వార్డుకు వెళ్లాల్సిన బుట్ట ఇంకా సగం కూడా నిండలేదు. పిన్ని ఒక ఆప్రాన్ తెచ్చి పిచ్చుక ఒళ్లో పడేసింది. ఏడవాలన్నా పోట్లాడాలన్నా చేతులు ఖాళీగా ఉండనక్కర్లేదని ఆవిడ ఉద్దేశం. పిచ్చుక సీలింగ్ మిషను దగ్గరికి జరిగి తొక్కడం మొదలుపెట్టింది. చాలా కాలం తర్వాత చేస్తున్న పని. చేతులు మర్చిపోలేదు.

అసలు విషయం మాస్టారు అప్పుడు బయటపెట్టారు.

కంపెనీ తరఫున ల్యాబ్‌తో వ్యవహారాలు చూసే డైరెక్టరు ఒకడున్నాడు. ఎప్పుడు చూసినా పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ ఉంటాడని ల్యాబ్‌లో అందరూ చాటున పళ్లపొడి అంటారు. వాడు నిన్న ఈ షెడ్డుకు వచ్చాడట. వార్డు నుంచి పిన్ని వెనకే మనిషిని పంపి ఈ చోటు ఎప్పుడో కనిపెట్టాడట. కనిపెట్టి ఊరుకున్నాడు. వాళ్ల తరఫున ఒక ముసలాయన పైసా ఖర్చు లేకుండా సాక్ష్యాలు తయారుచేస్తుంటే ఎందుకు ఆపుతాడు? కాకపోతే కమిటీ యూనిట్ చూస్తానంది. చూపించడానికి యూనిట్ కావాలి. అందుకని మాస్టారు మొదటినుంచీ తమ ప్రొడక్షన్ మేనేజరేనని, ఈ షెడ్డు తమ యూనిటేనని చెప్పమన్నాడట. మైనం, గుడ్డ, కొత్త మిషను అన్నీ పంపిస్తానన్నాడట. కేసు మాట ఎత్తనన్నాడట.

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. టీ తాగి వెళ్లాడు."

"టీ కూడా ఇచ్చారా?"

"నేనివ్వలేదు," అంది పిన్ని. "ఆయనే పెట్టారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు. అయినా నవ్వుతూనే తాగాడు, మహానుభావుడు."

మాస్టారు నవ్వలేదు. "ఒప్పుకుంటే ఎవరికి నష్టం, చెప్పు," అన్నారు. "నువ్వు పురస్కారం తీసుకుంటావు. ఆ అర్హత నీకుంది, నాకు తెలుసు. మీ పిన్ని రాత్రిళ్లు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేవక్కర్లేదు. వార్డుకు బుట్ట ఆగదు. పేరు వాళ్లది పడుతుంది, పడనీ. పేరుతో బిడ్డకు చలి తగ్గదు, పేరు లేనంత మాత్రాన పెరగదు."

మాటకు మాట అతికినట్టే ఉంది. పిచ్చుక ఇంకో సీలు వేసింది. ఎవరికి నష్టం? నిజంగానే, ఎవరికి?

"పిన్నీ, ఈ బుట్ట వార్డుకు సరిపోతోందా?" అని అడిగింది.

"ఎక్కడ సరిపోతుంది? ఇంటికెళ్లే బిడ్డతో పొత్తిలీ వెళ్లిపోతుంది. మిగిలినవాటినే ఒక బిడ్డకు వెచ్చబడగానే తీసి, మళ్లీ వేడినీళ్లలో ముంచి, ఇంకో బిడ్డకు పెడుతున్నారు."

"పక్క ఊరి ఆస్పత్రికి?"

పిన్ని గరిటె ఆపింది. మాస్టారు వైపు ఒకసారి చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేసింది. ఆ మధ్య ఆయన ఇక్కడే జారిపడి మణికట్టు బెణికించుకున్నారు. ఒక వారం పాటు ఒక్క పొత్తిలి కూడా తయారవలేదు. వార్డులో కొత్తగా చేరిన తల్లులు ఆ వెచ్చటి సంచి ఏదమ్మా అని నర్సులను అడిగేవాళ్లు. "నేను ఆ వారం అంతా ఆ వీధిలోకే వెళ్లలేదే. సరుకులకి కూడా చుట్టూ తిరిగి వెళ్లాను," అంది.

మాస్టారు తన మణికట్టు వైపు చూసుకున్నారు.

"మాస్టారూ," అంది పిచ్చుక. మిషను తొక్కడం ఆపలేదు, తల ఎత్తలేదు. "నేను ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది, నా ప్రయోగం నా చేతిలో కుదురుతోంది, ఇంకెవరు చేసినా కుదరడం లేదని మీ దగ్గరికి వచ్చి గర్వంగా చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తున్నట్టే ఉంది. ఆయన కత్తెర పక్కన పెట్టారు.

"ఒక్కడి చేతిలోనే కుదిరేదాన్ని గారడీ అంటారు, పరిశోధన అనరు, అన్నారు. ఇవాళ మీరు గారడీ చేస్తున్నారు. గొప్ప గారడీయే. మీకు జ్వరం వస్తే ఆగిపోతుంది. మీరు వాళ్ల మనిషినని ఒప్పుకున్నారనుకోండి, వాళ్లు ఆపమన్న రోజు ఆగిపోతుంది. అప్పుడు ఇంకెవరూ చెయ్యడానికి వీల్లేకుండా హక్కు వాళ్ల చేతిలోనే ఉంటుంది. నష్టం ఎవరికని అడిగారు కదా. ఈ బుట్ట చేరని ప్రతి వార్డుకీ."

"ఆ మాట అన్నప్పుడు నాకు ఉద్యోగం ఉంది, వెనకాల ల్యాబ్ ఉంది," అన్నారు మాస్టారు మెల్లగా. "ఇప్పుడు దొంగ అనిపించుకుని స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోవాలంటే భయంగానే ఉందమ్మా. అబద్ధమెందుకు."

పిచ్చుకకు ఆయన భయపడటం చూడటం అదే మొదటిసారి. కోపం ఉన్నంతసేపూ తేలిగ్గా ఉంది. ఇప్పుడు కాదు. అయినా నిశ్చయం మారలేదు. కమిటీ అధ్యక్షురాలికి ఫోన్ చేసి, వాళ్లు రాకముందే జరిగింది జరిగినట్టు చెప్పేస్తానంది. పురస్కారం పోతే పోయింది, హక్కు ల్యాబ్‌కు వెనక్కి వస్తే నాలుగు చోట్ల నలుగురు చేస్తారంది. మాస్టారు వద్దనలేదు, సరే అనలేదు. పిచ్చుక ఫోన్ తీసింది. వేళ్లకంతా మైనం. ఎంత నొక్కినా తెర పలకలేదు. పిన్ని కొంగుతో ఫోన్ తుడిచి, ఆమె వేళ్లు తుడిచి, "ఇంత చదువు చదివి చేతులు తుడుచుకోవడం నేర్వలేదు," అంటుండగా సందులో కారు తలుపులు చప్పుడయ్యాయి.

చెప్పిన వేళ కంటే ముందే కమిటీని తీసుకొచ్చేశాడు పళ్లపొడి. తలుపు తట్టలేదు. సొంతింట్లోకి వచ్చినట్టు తోసుకుని వచ్చి, పక్కకు జరిగి, అతిథులకు దారి ఇచ్చాడు. ముందు కమిటీ అధ్యక్షురాలు. తెల్లటి జుట్టు, చేతికర్ర, ఎవరినైనా చూస్తే రెప్ప వెయ్యకుండా చూసే అలవాటు. ఒకప్పుడు పెద్ద ఇంజినీరు, మాటలు తక్కువని ప్రతీతి. వెనక ఇద్దరు సభ్యులు.

పళ్లపొడి కళ్లు షెడ్డంతా ఒక చుట్టు తిరిగి పిచ్చుక దగ్గర ఆగాయి. నవ్వు ఒక్క క్షణం తడబడింది. వెంటనే ఇంకాస్త వెడల్పయింది.

"మేడమ్ కూడా ఇక్కడే ఉన్నారే. చూశారా అండీ," అన్నాడు అధ్యక్షురాలితో. "హక్కు ఇచ్చేసి చేతులు దులుపుకునే రకం కాదు. మా యూనిట్‌కి వచ్చి స్వయంగా ఆప్రాన్ కట్టుకుని చూసుకుంటారు."

తెలివైనవాడే. ఆమె కోసం ఒక తలుపు తెరిచి పట్టుకున్నాడు. తల ఊపితే చాలు, లోపలికి వెళ్లిపోవచ్చు.

అధ్యక్షురాలు కర్ర మీద రెండు చేతులూ ఆనించి పిచ్చుకను చూశారు. "మీరు ఇక్కడికి తరచూ వస్తుంటారా?"

ఒక్క అవును. మాస్టారికి కేసు ఉండదు. ల్యాబ్‌కు పేరు వస్తుంది. ఇంట్లో భర్త కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు, ఆ సభలో ముందు వరసలో కూర్చోవడానికి. పిచ్చుక మాస్టారి వైపు చూసింది. ఆయన పొయ్యి వైపు చూస్తున్నారు.

"ఇవాళే మొదటిసారి వచ్చానండీ," అంది. "ఇది కంపెనీ యూనిట్ కాదు. మీకు పంపిన ఫొటోల్లో ఉన్నవి కంపెనీ చేసినవి కావు. నాకు తెలిసి కంపెనీ ఒక్కటి కూడా చెయ్యలేదు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు."

పళ్లపొడి మెత్తగా నవ్వాడు. మేడమ్ ల్యాబ్‌లో ఉంటారు కాబట్టి నియామకాల సంగతులు తెలియకపోవచ్చని సర్దిచెప్పాడు. ముందుకు వచ్చి, ఎన్నాళ్ల స్నేహమో అన్నట్టు మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "మా ప్రొడక్షన్ మేనేజరు. ఆయన్నే అడగండి."

అధ్యక్షురాలు ఆయన్నే అడిగారు. "మీరు ఈ కంపెనీ ఉద్యోగేనా?"

పిన్ని చేతిలో గరిటె గిన్నె అంచుకు ఆనింది. మాస్టారు వంగి పొయ్యి మంట తగ్గించారు. ఆప్రాన్‌కు చేతులు తుడుచుకున్నారు. భుజం మీది చేతిని, మీద వాలిన పురుగును తీసినంత జాగ్రత్తగా తీసి పక్కన పెట్టారు.

"కాదండీ," అన్నారు. "నేను దొంగని."

ఒకసారి గిన్నెలో థర్మామీటరు చూసుకుని అధ్యక్షురాలి వైపు తిరిగారు.

"వస్తువు ప్రభుత్వ ల్యాబ్‌ది. చేసే హక్కు వీళ్లది. వీళ్లు చెయ్యడం లేదు, వార్డులో చలి ఆగడం లేదు. అడక్కుండా నేను చేస్తున్నాను. ఎలా చేస్తున్నానో దాచేది ఏమీ లేదు. కూర్చోండి, చూపిస్తాను. చూసి, మీలో ఎవరైనా ఒకరు చెయ్యండి. మీ చేతిలో కుదిరితే ఇంకో ఊళ్లో ఇంకొకరి చేతిలోనూ కుదురుతుంది. ఆ తర్వాత నన్ను ఎక్కడికి పంపాలో పంపండి."

పిచ్చుకకు ఆ గొంతు తెలుసు. ల్యాబ్‌లో మొదటి రోజు విన్న గొంతు అది.

పళ్లపొడి ఫోన్ తీశాడు. నంబరు వెతకలేదు. "ఇక రండి," అని మాత్రం అన్నాడు. రెండు ఏర్పాట్లతో వచ్చాడన్నమాట. ముసలాయన అవునంటే ఒకటి, కాదంటే ఇంకొకటి. పిన్ని ఇదేమీ పట్టించుకోలేదు. మధ్యాహ్నం కావస్తోంది. తీగ మీది పొత్తిళ్లు తీసి మడిచి, పిచ్చుక సీలు వేసినవాటితో కలిపి బుట్టలో సర్దుకుంది. గుమ్మం వైపు నడిచేసరికి పళ్లపొడి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్కటి కూడా బయటికి కదలకూడదు. దొంగసరుకు. ఇది మొత్తం సాక్ష్యం," అన్నాడు. మొదటిసారిగా అతని పళ్లు కనపడలేదు.

పిన్నికి ఏం చెయ్యాలో తోచలేదు. వార్డులో ఆ పూట ఎవరెవరు ఎదురుచూస్తున్నారో ఆ గదిలో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. బుట్టను రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది. పిచ్చుక వెళ్లి బుట్ట అందుకుంది.

"వస్తువు ల్యాబ్‌ది అని ఇప్పుడే విన్నారు కదా. నేను ల్యాబ్ మనిషిని. మా వస్తువు మేం తీసుకెళ్తున్నాం. జరగండి."

అతను జరగలేదు. మీ ఉద్యోగం గురించి ఆలోచించుకోండి మేడమ్ అన్నాడు. ఆమె ఆలోచించుకునే వచ్చినట్టు నిలబడింది.

వెనక కర్ర చప్పుడైంది. అధ్యక్షురాలు నెమ్మదిగా నడిచి వచ్చి, బుట్టలోంచి ఒక పొత్తిలి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. మూల మీద బొటనవేలితో రాశారు. మళ్లీ బుట్టలో పెట్టి, ఖాళీ చేత్తో బుట్ట రెండో చెవి పట్టుకున్నారు.

"నేను చూడటానికి వచ్చింది వస్తువు జనం చేతికి చేరడం," అన్నారు. "ఇంతవరకూ చూడలేదు. ఆస్పత్రి ఎంత దూరం?"

"దగ్గరేనండీ, నడిచిపోవచ్చు," అంది పిన్ని. ఆవిడ గొంతులో ప్రాణం లేచి వచ్చింది.

తెల్లజుట్టూ చేతికర్రా ఉన్న పెద్దావిడను తోసెయ్యడానికి పళ్లపొడికి కూడా చెయ్యి రాలేదు. ఒక పక్కకు ఒదిగాడు. బుట్ట గడప దాటింది. ఒక చెవి పిచ్చుక చేతిలో, ఒక చెవి అధ్యక్షురాలి చేతిలో. వెనక ఏం చెయ్యాలో తెలియక సభ్యులిద్దరూ, వాళ్లను తోలుతున్నట్టు పిన్ని. టైర్ల కొట్టువాళ్లు పని ఆపి చూస్తున్నారు. పిచ్చుకకు బుట్ట వెచ్చదనం పక్కటెముకలకు తగులుతోంది. పురస్కారం సంగతి ఆమెకు అసలు గుర్తే లేదు.

అప్పుడు సందు మొదట్లో పోలీసు జీపు వచ్చి ఆగింది. దారికి అడ్డంగా. లోపలి నుంచి ముగ్గురు దిగి ఇటువైపు రావడం మొదలుపెట్టారు.

అధ్యక్షురాలు ఆగలేదు. కాబట్టి పిచ్చుకా ఆగలేదు. బుట్ట వాళ్ల చేతికి చిక్కితే ఇవాళ వార్డుకు చేరదు, రేపూ చేరదు. ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటుండగానే, వెనక నుంచి ఎవరో త్వరత్వరగా నడిచి వాళ్లను దాటి ముందుకు వెళ్లారు. ఆప్రాన్ విప్పలేదు. చేతులకు మైనం అలాగే ఉంది.

"నాకోసమేగా వచ్చారు," అన్నారు మాస్టారు పోలీసులతో, జీపు ముందు నిలబడి. "నేను ఎక్కుతాను. జీపు కొంచెం వెనక్కి తీయించండి, వాళ్లకు దారి కావాలి."